నేలకంటిన పెడల్

ఆ వీధి చివర రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా కార్లు బాగుచేస్తున్న మనిషిని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఇంజను మీద పొడవాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "మూడో వాల్వు అలిగింది" అంటాడు. ఒక బండిలో వాల్వు అలుగుతుంది, ఇంకోదానిలో గేరు మొండికేస్తుంది, మరోదానిలో బ్యాటరీ నీరసపడుతుంది. ఆయన నోట బండి రోగాలన్నీ ఇంట్లో మనుషుల రోగాల్లాగే ఉంటాయి. అందుకే బండి అప్పజెప్పడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయాక కూడా కాసేపు బల్ల మీద కూర్చుని మాటలు విని పోతుంటారు.

ఆ ఏడాది మేస్త్రి మెడకు చుట్టుకున్న బండి సర్వేయరు గారి ఆకుపచ్చ కారు. ఆ రకం కార్ల తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళైంది. ఊళ్ళో అలాంటిది అదొక్కటే. సర్వేయరు గారు ఉద్యోగమంతా భూములు కొలుస్తూ గడిపారు. ఆయన రిటైరై ఏడేళ్ళైనా ఆయన కొలతలు మాత్రం రిటైరు కాలేదు. గేటు నుంచి షెడ్డుకి ఎన్ని అడుగులో, ఏ మలుపు ఎన్ని డిగ్రీలో అడక్కుండానే చెప్పేవారు. ఆయన భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధి మొత్తానికీ టైలరమ్మ. పిల్లలు లేని ఆ ఇద్దరికీ సాయంత్రం కారులో ఒక చుట్టు తిరిగి రావడమే సినిమా, అదే షికారు.

ఒకరోజు ఉదయం క్లచ్ పెడల్ తొక్కితే తొక్కినట్టే నేలకంటిపోయిందని సర్వేయరు గారు కబురుపెట్టారు. మేస్త్రి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళి బానెట్ ఎత్తాడు. ఇంజను వెనక గోడకు రెండు చిన్న డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో ద్రవం అడుగంటింది. కారు కింద దూరి చూస్తే ఎక్కడా చుక్క కారిన జాడ లేదు. ఆశ్చర్యపోయాడు కానీ పాత బండి కదా అనుకుని డబ్బా నింపాడు. గొట్టంలో చేరిన గాలి బయటికి తీయాలంటే ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు కింద నట్టు వదులు చేయాలి. సర్వేయరు గారు లోపల ఎవరితోనో ఫోన్లో ఉన్నారు. టైలరమ్మ వచ్చి సీట్లో కూర్చుంది.

"తొక్కండమ్మా. అలాగే పట్టుకోండి. ఇప్పుడు వదలండి."

పదిసార్లు తొక్కేసరికి పెడల్ బిగిసింది. టైలరమ్మ దిగి వచ్చి బానెట్‌లోకి తొంగిచూసింది.

"ఈ రెండు డబ్బాలూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది దేనిది మేస్త్రీ?"

"ఇటు పెద్దది బ్రేకుదమ్మా. అటు చిన్నది క్లచ్‌ది. రెండింట్లోనూ పోసేది బ్రేక్ ఆయిలే."

"ఆయిల్ అంటే మా మిషన్ నూనె లాంటిదేనా?"

"పేరుకే ఆయిల్ అమ్మా, అసలు నూనె జాతే కాదు. మీ మిషన్ నూనె ఒక్క చెంచా పడిందంటే లోపలి రబ్బరు వాషర్లు నానేసిన శనగల్లా ఉబ్బిపోతాయి. ఇక పెడల్ వెళ్ళి నేలకి దండం పెట్టడమే."

"మరి బ్రేకులో పడితే?"

"అప్పుడు మనం దండం పెట్టుకోవాలి."

ఆవిడ నవ్వలేదు. ఆ రెండు డబ్బాల వంకే కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంత వయసొచ్చాక కూడా ఈవిడకి నేర్చుకోవాలని ఎంత కుతూహలమో అని మేస్త్రి ముచ్చటపడ్డాడు.

మూడు వారాలకు పెడల్ మళ్ళీ నేలకంటింది. ఈసారి కారుని షెడ్డుకి తోయించుకుని వెళ్ళి, పెడల్ దగ్గరుండే సిలిండర్ విప్పాడు. లోపలి వాషర్లు మెత్తబడి ఉబ్బాయి. నాసిరకం సరుకని షాపువాణ్ణి నాలుగు తిట్టి, వేరే చోట నుంచి కొత్తవి తెప్పించి వేశాడు. నెల తిరక్కుండా మూడోసారి వచ్చింది. గేర్‌బాక్సు దగ్గరుండే చిన్న సిలిండర్ లోపల గరుకుతేలి వాషర్లను కోసేస్తోందేమోనని దాన్నే మార్చాడు. నాలుగోసారి రెండింటి మధ్యనుండే రబ్బరు గొట్టం లోపల పొరలూడుతోందేమోనని గొట్టమూ మార్చాడు, పెద్ద సిలిండరూ మార్చాడు. ఇక మార్చడానికి పెడల్ తప్ప ఏమీ మిగల్లేదు.

"పిలవని అల్లుడిలా నెలనెలా వస్తోందే ఈ బండి. ఈసారి బొట్టు పెట్టి బట్టలు కూడా పెట్టి పంపుదామా?" అంది మేస్త్రి భార్య.

మేస్త్రి నవ్వలేదు. ఎదురుగా పంక్చర్లు వేసే మనిషి ఆకుపచ్చ కారు కనిపించినప్పుడల్లా, "ఏమయ్యా చెవి మేస్త్రీ, క్లచ్ ఏమంటోంది?" అని అడుగుతున్నాడు. ఇద్దరు పాత ఖాతాదారులు బండ్లని వేరే షెడ్డుకి తీసుకెళ్ళారు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. మేస్త్రికి కుడి చెవి వినపడక ఐదేళ్ళైంది. మొదట కీచుమని మోత వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఎవరికీ చెప్పకుండా స్క్రూడ్రైవరు ఎడమ చెవికి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. క్లచ్‌లో వినడానికేమీ ఉండదని తెలుసు. అయినా ఒక్కొక్క రోజూ గడుస్తుంటే, చెవితో పాటు చేతిలో పనితనం కూడా పోతోందేమో, చెప్పేవాళ్ళు లేక తనకు తెలియడం లేదేమో అని గుబులు పట్టుకుంది.

ఐదోసారి కారు వచ్చినప్పుడు దాన్ని విప్పబుద్ధి కాలేదు. బానెట్ ఎత్తి స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు. ఇన్నిసార్లూ ఏం చేశానా అని మొదటినుంచీ తలుచుకున్నాడు. పాడైన ముక్క ప్రతిదీ తిప్పితిప్పి చూశాడు. చూడనిది ఒక్కటే, లోపలున్న ద్రవం. ప్రతిసారీ దాన్ని మురికి ట్రేలోకి పారబోసి మళ్ళీ కొత్తది పోశాడు. లేచి, చిన్న డబ్బాలోది సిరంజితో లాగి ఒక గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టాడు. పెద్ద డబ్బాలోది ఇంకో సీసాలో పోశాడు.

అన్నం గిన్నె పట్టుకుని భార్య వచ్చేసరికి మేస్త్రి ఆ సీసాల ముందు నిలబడి ఉన్నాడు. బ్రేకు సీసాలో అంతా ఒకటే రంగు. క్లచ్ సీసాలో మాత్రం పైన పలచటి తెల్లని పొర తేలి, కింద పసుపుగా ఇంకో పొర ఉంది. రెండూ కలవడం లేదు. భార్య గిన్నె కింద పెట్టి సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మిషన్ నూనె కదయ్యా. మా అమ్మ మిషన్ దగ్గర పెరిగినదాన్ని, నాకీ వాసన తెలీదా?"

మేస్త్రి వెంటనే తన బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చి వాసన చూశాడు, గాజు సీసాలో పోసి చూశాడు. అందులో ఏ కల్తీ లేదు. పొరపాటున పోసిందైతే రెండు డబ్బాల్లోనూ పడొచ్చు. ఇక్కడ బ్రేకు డబ్బాని ముట్టుకోకుండా క్లచ్ డబ్బాలోనే పోశారు. ఏది దేనిదో తెలిసిన చెయ్యి అది. చెప్పింది ఎవరో గుర్తొచ్చి మేస్త్రి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నా నోరే నా కొంప ముంచింది" అన్నాడు.

"కోపంగా వెళ్ళకు. ఆవిడ ఊరికే చేసే మనిషి కాదు. ముందు అడుగు" అంది భార్య. ఆ మాట అతని ఎడమ పక్కకు వచ్చి నిలబడి చెప్పింది. ఎప్పటినుంచో ఆమె అటే నిలబడుతోందని మేస్త్రికి అప్పుడు తట్టింది. అడగబోయి ఊరుకున్నాడు. ఆమె గిన్నె మూత తీసి, "చల్లారిపోతుంది, తిని వెళ్ళు" అంది.

సర్వేయరు గారు రోజూ పదకొండింటికి గ్రంథాలయానికి నడిచి వెళతారు. మర్నాడు ఆ వేళ చూసుకుని మేస్త్రి సీసా పట్టుకుని వెళ్ళాడు. టైలరమ్మ కిటికీ పక్క మిషన్ మీద ఒక లంగా అంచు కుడుతోంది. సీసాని చూసింది. కాలు ఆపకుండా ఆ అంచు చివరి దాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"కూర్చో తమ్ముడూ" అంది. అంతకుముందెప్పుడూ అలా పిలవలేదు.

చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ ఎక్కడా ఆగలేదు. రెండేళ్ళుగా ఆయనకు పక్కచూపు తగ్గుతోంది. ఎదురుగా ఎంత దూరంలో ఉన్నదైనా కనిపిస్తుంది, పక్కనున్నది మాత్రం కనిపించదు. గుమ్మానికి భుజం కొట్టుకుంటారు, పక్కన పెట్టిన గ్లాసు తన్నేస్తారు. డాక్టరు మాట ఎత్తితే కళ్ళజోడు మార్చాలంతే అంటారు. ఒక సాయంత్రం కారులో వెళుతుంటే పోస్ట్‌మాన్ సైకిల్ మీద వీధి పొడుగునా వాళ్ళ ఎడమ పక్కనే వస్తున్నాడు. ఈయన అటే తిప్పారు. ఆవిడ అరిచింది కాబట్టి బ్రేకు పడింది. సైకిలు హ్యాండిల్ కారు తలుపుని గీసుకుంటూ పోయింది.

"ఈయనేమో, ఎక్కడినుంచి ఊడిపడ్డాడు ఇతను అన్నారు. ఆ మనిషి ఊడిపడలేదు తమ్ముడూ. అంతసేపూ అక్కడే ఉన్నాడు."

"తాళాలు దాచేయొచ్చు కదమ్మా."

"దాచాను. మూడు రోజులు ఇల్లంతా వెతికారు. నాలుగో రోజు మంచం మీద కూర్చుని, నాకు మతి కూడా పోతోందే అని ఏడ్చారు. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. తాళాలు తీసుకెళ్ళి చొక్కా జేబులో పెట్టేశాను." ఆవిడ కుట్టిన అంచుని వేలితో సాపు చేసింది. "తప్పు బండి మీదికి పోతే ఆయనకి బాధ ఉండదనుకున్నా. మొదటిసారి ఇంకు పోసే గొట్టంతో ఉన్నది కాస్తా తోడేశా. నువ్వొచ్చి అరగంటలో బాగుచేసేశావు. తర్వాత నువ్వు చెప్పిన నూనె మాట పట్టుకున్నా."

"తప్పు బండి మీదికే కాదమ్మా, నా మీదికి కూడా వచ్చింది."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అది నాకు తట్టలేదు" అంది చాలా మెల్లగా. "ఆయన్ని కాపాడుకోవడంలో నిన్ను తొక్కేశాను. ఏం చేయమంటావో చెప్పు."

మేస్త్రికి వచ్చేటప్పుడున్న కోపం అప్పటికే పోయింది. "ఆయనకి చెప్పాలమ్మా. బండిని నేను ఎన్నిసార్లయినా బాగుచేస్తా. ఆ పోస్ట్‌మాన్‌ని బాగుచేయలేను" అన్నాడు.

"నువ్వు పక్కనుంటే చెప్తా."

"ముందు నన్ను మాట్లాడనివ్వండి."

రెండు రోజుల తర్వాత కారు సిద్ధం చేసి, ఒకసారి నడిపి చూద్దాం రండి అని సర్వేయరు గారిని పిలిచాడు. ఆదివారం ఉదయం కావడంతో గోదాముల వెనక రోడ్డు ఖాళీగా ఉంది. పెద్దాయన నిటారుగా కూర్చుని నడిపారు. గేర్లు మార్చడంలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదివి వినిపించారు. ఎడమ పక్క ఆగి ఉన్న తోపుడు బండిని జానెడు ఎడంలో దాటారు. మేస్త్రి ఒక చేయి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంచుకుని కూర్చున్నాడు.

"సార్, ఇప్పుడు మన ఎడమ పక్క ఏం దాటామో చెప్పండి."

సర్వేయరు గారు కొంచెం ముందుకు పోనిచ్చి, కారు పక్కకు ఆపి, ఇంజను కట్టేశారు.

"ఏం దాటాం?"

"తోపుడు బండి సార్. పక్కన ఒక మనిషి కూడా ఉన్నాడు."

పెద్దాయన స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి రోడ్డు వైపు చూశారు. మేస్త్రి అన్నాడు: "సార్, నాకు కుడి చెవి వినపడదు. ఐదేళ్ళైంది."

సర్వేయరు గారు అతని వైపు తిరిగారు. "మరి నిన్ను అందరూ చెవి మేస్త్రి అంటారు కదయ్యా."

"ఎడమ చెవికి బదిలీ చేశాను సార్. ఆర్డరు ఎవరికీ చూపించలేదు."

పెద్దాయన పెదవులు కదిలాయి. అది నవ్వో కాదో చెప్పలేం. "కళ్ళకి అలా బదిలీ కుదరదు. రెండూ ఒకేసారి సెలవు పెట్టేట్టున్నాయి" అన్నారు. తర్వాత తనంతట తనే చెప్పారు. ఊళ్ళో ప్రతి మలుపూ అడుగుల్లో కొలిచి గుర్తు పెట్టుకున్నారట. లెక్కల మీదే నడుపుతున్నారట. "రోడ్డు మారదు కదా అనుకున్నా. రోడ్డు మీద మనుషులు మారుతుంటారు. ఆ లెక్క నాకు తెలుసు, ఒప్పుకోబుద్ధి కాలేదు." తలుపు తీసుకుని దిగి, కారు ముందు నుంచి చుట్టి వచ్చారు. "నువ్వు నడుపు" అన్నారు.

ఇంటికి వచ్చాక టైలరమ్మ తన సంగతి చెప్పింది. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సర్వేయరు గారు మొత్తం విని ఒక్కటే అడిగారు.

"బ్రేకు డబ్బా జోలికి పోలేదు కదా?"

"పోలేదండీ. ప్రతిసారీ రెండుసార్లు చూసుకున్నా."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. రెండు రోజులు అన్నం తిన్నారు, స్నానం చేశారు, పేపరు చదివారు, ఆవిడతో మాత్రం మాట్లాడలేదు. ఆవిడ కూడా బతిమాలలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ మిషన్ మీద ఉండగా వచ్చి, కత్తెర పక్కన కారు తాళాలు పెట్టారు.

"పెడల్ కాస్త గట్టిగా ఉంటుంది. సీటు ముందుకు జరుపుకో."

"ఏంటండీ?"

"నేర్చుకో. నలభై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్నావు. ఆ కాలికి క్లచ్ ఎంత?"

అరవై రెండో ఏట టైలరమ్మ కారు నేర్చుకుంది. నేర్పింది మేస్త్రి. కాలికి క్లచ్ ఎంత అని పెద్దాయన అన్నంత తేలిక కాలేదు. మొదటి వారం కారు కప్పలా గంతులేసింది. ఆవిడ ఒక పాదంతో తొక్కితే రెండోదానితో కూడా తొక్కేసేది, మిషన్ మీద రెండు పాదాలూ కలిసే ఆడతాయి కనుక. "అమ్మా, ఎడమ కాలికి వేరే కాపురం పెట్టించండి" అని మేస్త్రి బతిమాలేవాడు. సర్వేయరు గారు వెనక సీట్లో కూర్చుని చూస్తూ, ఎన్ని గంతులేసిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేవారు. పద్నాలుగు, పదకొండు, ఆరు. ఆ కాగితం ఒకరోజు ఆవిడ కంటపడి పెద్ద గొడవే అయింది. రెండు రోజులు మాట్లాడకుండా ఉండడం ఈసారి ఆవిడ వంతు.

లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పింది, రెండోసారి పాసైంది. ఆ మర్నాడే భర్తని కూర్చోబెట్టుకుని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పోయిన చూపు రాదని డాక్టరు చెప్పాడు. రెండు పూటలా చుక్కలు వేసుకుంటే ఉన్నది మాత్రం నిలబడుతుందన్నాడు. ఆ చుక్కలు ఆవిడే వేస్తుంది. "మిషన్‌కి నూనె వేసిన చెయ్యే, జాగ్రత్త" అంటారాయన తల వెనక్కి వాల్చి.

తన వల్ల మేస్త్రికి పోయిన పేరుని ఆవిడ అలాగే వదిలేయలేదు. పంక్చర్ల మనిషి దగ్గరికి స్వయంగా వెళ్ళి, అందరూ వింటుండగా, "ఆ క్లచ్ పాడుచేసింది నేను. కనిపెట్టింది ఈయన" అని చెప్పింది. ఎందుకు పాడుచేశావమ్మా అని ఎవరో అడిగితే, "అది మా ఇంటి సంగతి" అని వచ్చేసింది. వెళ్ళిపోయిన ఇద్దరు ఖాతాదారుల్లో ఒకడు తిరిగి వచ్చాడు. రెండోవాడు రాలేదు. మేస్త్రి కూడా ఒకరోజు భార్య ఎదుట కూర్చుని చెవి సంగతి బయటపెట్టబోతే, "తెలుసులే, నాలుగేళ్ళైంది. ఇటు తిరిగి మాట్లాడు" అంది ఆమె.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం నలుగురూ కలిసి ఊరి బయట చెరువు కట్ట దాకా వెళ్ళారు. టైలరమ్మ నడిపింది. పక్క సీట్లో సర్వేయరు గారు, వెనక మేస్త్రి, అతని భార్య. కట్ట మీదికి ఎక్కే ఏటవాలులో కారు ఆగిపోయింది. వెనక ఒక లారీ, దాని వెనక మరో రెండు బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. ఆవిడ గబగబా తాళం తిప్పితే ఇంజను అందుకుని మళ్ళీ ఆగిపోయింది. మేస్త్రి ముందుకు వంగి ఏదో చెప్పబోతే భార్య అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"కంగారు పడకు" అన్నారు సర్వేయరు గారు. "అంత తొందరైతే వాళ్ళే దిగి నడుస్తారు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. నీళ్ళు తాగుతావా?"

"ఇప్పుడు నీళ్ళేంటండీ?"

"ఊరికే అడిగా."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పెడల్ తొక్కి, తాళం తిప్పి, గేరు వేసి, మెల్లగా వదిలింది. కారు ఒక్కసారి మూలిగి పైకి ఎక్కింది. కట్ట మీద గాలి చల్లగా ఉంది. చాలా దూరంలో, దారి రెండుగా చీలేచోట ఒక బోర్డు కనిపించింది. దగ్గర పని చేసీ చేసీ టైలరమ్మకు దూరపు అక్షరాలు అలికినట్టుంటాయి. రోడ్డు మీద బండ్లూ మనుషులూ బాగానే కనిపిస్తారు, అంత దూరపు రాతే అందదు.

"ఏం రాసుందండీ దాని మీద?"

ఆయన ఒక్క క్షణం చూసి, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి వినిపించారు. ఆవిడ ఆయన చెప్పిన వైపుకి తిప్పింది.